తవుడుకు కొన్న బిడ్డ

దొరసానమ్మకు తెలుగు బాగా వచ్చు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఈ సంగతి ఎవరికి చెప్పినా "పాపం, ఆమెకు భాష రాక అలా జరిగి ఉంటుంది" అని తేల్చేస్తారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆమె ఓడ ఎక్కకముందే ఎవరో పండితుడి దగ్గర తెలుగు నేర్చుకుంది. వచ్చిన కొత్తలో గంజికి వచ్చిన పిల్లలతో "బిడ్డలారా, దయచేసి వరుసగా కూర్చుండుడి" అనేది. పిల్లలు నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లు. ఆ తర్వాత ఒకరినొకరు "కూర్చుండుడి, కూర్చుండుడి" అని తోసుకుంటూ పడీపడీ నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. ఏడాది తిరక్కముందే "రేయ్, గమ్మున కూకోండ్రా" అనడం నేర్చేసింది.

ఆమె జీతానికి వచ్చిన మనిషి కాదు. తన దేశంలో ఏదో బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పుకునేది. కరువు నేలలో పిల్లలకు సేవ చేస్తానని దేవుడికి మాటిచ్చి వచ్చింది. నాకంటే నాలుగైదేళ్లు పెద్దదేమో. మా నాయన మిషన్ బడిలో అయివారు. నేను చదువు ముగించి, టీచరు ట్రైనింగులో సీటు దొరక్క ఇంట్లో కూర్చుంటే, నాయన నన్ను తీసుకుపోయి గంజి కొట్టంలో ఆమె పక్కన నిలబెట్టాడు. నాకూ జీతం లేదు. "నువ్వూ నేనూ ఒకటే" అనేది ఆమె సంతోషంగా. నేను తలూపేదాన్ని గానీ లోపల ఒప్పుకునేదాన్ని కాదు. ఆమె ఏదో ఒకనాడు ఓడెక్కి పోతుంది. నేనూ ఈ పిల్లలూ ఈ నేల మీదే ఉంటాం. అయినా ఆమె అంటే నాకు ఇష్టమే. పుండ్లు పడిన తలలు, చీమిడి ముక్కులు ఆమె కడిగినంత ఓపికగా కన్నతల్లులు కూడా కడిగేవాళ్లు కాదు. కడగడానికి వాళ్ల ఇళ్లల్లో నీళ్లుంటే కదా.

మా ఊరు పామిడికి పడమటగా, పెన్నకు దగ్గర్లో ఉంటుంది. పెన్న అంటే ఏరు అనుకునేరు. మాకు తెలిసిన పెన్న ఇసుక. ఆ ఇసుకలో చెలమలు తవ్వి, ఊరిన నీటిని చిప్పతో ముంచి కుండలో పోసుకునేవాళ్లం. యాభైల్లో వచ్చిన ఆ కరువులో చెలమలు కూడా లోతుకు పోయాయి. మనిషి దిగితే తల మాత్రం కనిపించేది. వేరుశనగ మొలిచి ఎండింది, మళ్లీ విత్తితే మొలవనే లేదు. పశువులను కొందరు మడకశిర వైపు మేతకు తోలుకుపోయారు, ఎక్కువమంది కసాయికి అప్పగించి మొహం తిప్పుకున్నారు. ఊళ్లో ఆవు అరుపు వినపడక ఎన్నాళ్లయిందో కూడా మరిచిపోయాం.

అప్పుడే మిషన్ వాళ్లు బడి పక్కన ఒక కొట్టం వేసి పిల్లలకు గంజి పోయడం మొదలుపెట్టారు. జొన్నపిండి గంజి, పైదేశం నుంచి పాలపొడి వచ్చిన రోజుల్లో అందులో ఇన్ని పాలు. పెద్దవాళ్లకు పెట్టకూడదని రూలు. పెడితే పిల్లలకు చాలదు. అందుకని కొట్టం ముందు ఒక తాడు కట్టారు. పిల్లలు తాడు కింద దూరి లోపలికి రావాలి, తల్లులు బయట నిలబడాలి. నిలబడి చూసేవాళ్లు. ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. అడిగి ఉంటే నాకు కొంచెం తేలిగ్గా ఉండేదేమో.

కొందరు పిల్లలు గంజి మింగకుండా బుగ్గలో పట్టుకుని గోడ వైపు పరిగెత్తేవాళ్లు. గోడ అవతల చంటిపిల్లను ఎత్తుకుని తల్లి ఉండేది. ఈ పిల్ల ఆ చంటిదాని నోట్లోకి నోటితోనే గంజి వదిలేది. దొరసానమ్మ అది కనిపెట్టింది. జబ్బులు అంటుకుంటాయని, మింగేదాకా ఎవరినీ లేవనివ్వొద్దని నాకు చెప్పింది. ఆమె చెప్పింది తప్పు కాదు. నేను ఒక్కొక్కరి ముందు నిలబడి "నోరు తెరువు" అనేదాన్ని. రాత్రి ప్రార్థనలో మోకరించి దేవుడితో ఏం మాట్లాడాలో తోచేది కాదు. కోపం తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

మా పొయ్యికి తుమ్మకంప కొట్టుకొచ్చే మనిషి ఒకామె ఉండేది. చంకలో ఆడబిడ్డ, ఇంకా పాకడం కూడా రాలేదు. ఆ బిడ్డకు ముందు ఇద్దరు పోయారు. ఒకడు జ్వరంతో ఇంట్లోనే పోయాడు. రెండోది అంతకుముందు ఏడాది మొగుడూ పెళ్లాం కాలువ పనికి వలస పోతుంటే దారిలో పోయింది. ఎవరిదో చేను గట్టున పూడ్చి, ముందుకు పోయిన కూలి గుంపును అందుకోవడానికి పరుగెత్తారట. ఈ మూడోది కూడా ఎండిపోతోంది. ఏడ్చినా గొంతు పైకి వచ్చేది కాదు. తల్లికి పాలు లేవు.

ఇక్కడ మా వైపు ఆచారం ఒకటి చెప్పాలి. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డను పొద్దున్నే పెంట మీద పారేస్తారు. నిజంగా పారేయడం కాదు. ముందే మాట్లాడిపెట్టుకున్న ఒకామె, పిల్లలు దక్కిన చేతి మనిషి, అటువైపు వచ్చి "ఎవరి బిడ్డో దొరికింది" అని ఎత్తుకుంటుంది. తల్లి చేటలో తవుడు తీసుకుని ఆమె దగ్గరికి పోయి, ఆ తవుడిచ్చి బిడ్డను కొనుక్కుంటుంది. ఇక వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికి పోవాలి. ఆ తల్లి పిల్లల కోసం వచ్చే చావు, ఈ బిడ్డ ఆమెది కాదు, కొన్న సరుకు అనుకుని వదిలేస్తుందని నమ్మకం. ఇది అజ్ఞానమని మా నాయన ఆదివారం పూట గట్టిగా తిట్టేవాడు. మా అమ్మ నన్ను కూడా తవుడుకే కొనుక్కుందని మా అవ్వ ఆయన లేనప్పుడు చెప్పింది. నాకు ముందు ఇద్దరు పోయారట.

కంపల ఆమె కూడా అదే చేయాలనుకుంది. ఎత్తుకోవడానికి మా వంటామెను ఒప్పించుకుంది. వంటామెను నేను అత్తా అని పిలిచేదాన్ని. ఆరుగురిని కని ఆరుగురినీ దక్కించుకున్న మనిషి. తవుడు మాట వచ్చేసరికి అత్తే దారి చెప్పిందట. పశువులు లేని ఊళ్లో తవుడెక్కడిది, ఉన్నది కూడా మనుషులే సంకటిలో కలుపుకు తింటున్నారు. కాబట్టి చేటలో ఇంత దుమ్ము పోసుకు రమ్మని, అదే తవుడనుకుని తీసుకుంటానని చెప్పింది. ఇద్దరూ అనుకుంటే చాలు కదా అనుకున్నారు.

ఆ పొద్దు కొట్టం వెనక పెంట మీద బిడ్డను పెట్టి, తల్లి తుమ్మచెట్టు చాటుకు పోయింది. అత్త పొయ్యి దగ్గర నుంచి లేచి, చేతులు తుడుచుకుని, మూల తిరిగేలోపలే దొరసానమ్మ అక్కడ ఉంది. ఆమె పొద్దున్నే ప్రార్థన చేసుకుంటూ నడిచేది గానీ ఎప్పుడూ అటు పోయేది కాదు. సన్నగా ఏదో మూలుగు వినపడి పిల్లి అనుకుని పోయిందట. బూడిదలో బిడ్డ. ఎత్తుకుని, గుండెకు హత్తుకుని, ఏడుస్తూ లోపలికి పరిగెత్తింది.

అత్త తుమ్మచెట్టు దగ్గరికి పోయి తల కొట్టుకుంది. తల్లి మాత్రం దిగులుపడలేదట. "పోనీలే అక్కా. ఆయమ్మ చెయ్యి ఇంగా మంచిది" అందట. ఎత్తుకున్న మనిషి దగ్గరే కొనుక్కోవాలి కాబట్టి ఇప్పుడు దొరసానమ్మ దగ్గరే కొనాలి. అత్త దుమ్ము సంగతి గుర్తు చేసింది. ఆమె ఒప్పుకోలేదు. అత్తకు తెలుసు కాబట్టి దుమ్మైనా తవుడే అవుతుంది, ఏమీ తెలియని మనిషి చేతిలో దుమ్ము పోస్తే అది దుమ్మే, బిడ్డ దక్కదు అంది. అటునుంచి అటే తవుడు వెతుక్కుంటూ వెళ్లిపోయింది.

ఇదంతా అత్త నాకు చెప్పింది. నేను దొరసానమ్మకు చెప్పాను. ఒక్క ముక్క వదలకుండా చెప్పాను, తెలుగులో ఒకసారి, నాకు వచ్చిన ఇంగ్లీషులో ఒకసారి. నన్ను కూడా అలాగే కొన్నారని కూడా చెప్పాను. ఆమె బిడ్డ కళ్లు తడిగుడ్డతో తుడుస్తూ అంతా విన్నది. తల్లి ఎక్కడుంది అని అడిగింది. తవుడు కోసం పోయిందన్నాను. ఎప్పుడు వస్తుందని అడిగింది. తెలియదన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుంటే నాకే అది ఎంత పిచ్చిగా ఉందో అర్థమైంది.

ఆమె తడిగుడ్డ నాకు చూపించింది. దాని మీద ఎర్రచీమలు ఉన్నాయి. "మీరు పారేసినట్టు ఊరికే అనుకున్నారు. చీమలు అలా అనుకోలేదు" అంది.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆమె చెప్పింది నిజం కావడం వల్లే ఎక్కువ కోపం వచ్చింది.

నెలకొకసారి పెద్ద ఊరి ఆసుపత్రి నుంచి డాక్టరు జీపులో వచ్చేవాడు. ఆ ఆసుపత్రి పక్కనే మిషన్ వాళ్ల శిశువుల ఇల్లు ఉంది, తల్లీతండ్రీ లేని పసివాళ్లను అక్కడ పెంచేవాళ్లు. ఈసారి జీపు వస్తే బిడ్డను అందులో పంపిస్తానని దొరసానమ్మ తేల్చి చెప్పింది. ఈలోగా తల్లి వస్తేనో అని అడిగాను. వచ్చినా ఇవ్వనంది. ఇద్దరు పోయారు కదా, మూడోది కూడా పోవాలా అని నన్నే అడిగింది. అత్త ఆ పూట గంజి కలుపుతూ గరిటెను కుండకేసి కొట్టిన తీరుకు కుండ పగలకపోవడం మా అదృష్టం.

ఇక మేము రోడ్డు చూస్తూ బతికాం. నేను తల్లి కోసం చూసేదాన్ని, దొరసానమ్మ జీపు కోసం చూసేది. మధ్యలో బిడ్డ బతకడం మొదలుపెట్టింది. మొదట్లో పాలు దూదితో పిండితే పెదవి చివర నుంచి కారిపోయేవి. తర్వాత ఉగ్గుగిన్నె అంచును చప్పరించింది. ఆ తర్వాత గిన్నె కనపడితే చాలు కాళ్లు ఆడించేది. ఒకరోజు ఏడుపు వినపడితే కొట్టంలో పిల్లలంతా గంజి తాగడం ఆపి తలలు తిప్పారు, అంత గట్టిగా ఏడ్చింది. దొరసానమ్మ తన భాషలో పాటలు పాడుతూ దాన్ని భుజాన వేసుకుని తిరిగేది. ఆ బిడ్డకు ఒళ్లు వస్తున్నకొద్దీ నాకు సంతోషమూ దిగులూ రెండూ పెరిగాయి. తల్లి వచ్చి అడిగితే నేను ఎవరి పక్క నిలబడాలి? పాలున్న చోట ఉంచమని చెప్పనా, పాలు లేని రొమ్ముకు ఇచ్చేయమని చెప్పనా? నాయనను అడిగాను. ఆయన బైబిలు తెరిచి, కొంతసేపు చూసి, మూసేశాడు.

తల్లి కాలువ పనికి పోయిందని, బిడ్డను వదిలించుకుందని ఊళ్లో అనుకోసాగారు. అలా అన్నవాళ్ల మీదికి అత్త గరిటెతో పోయేది. నాకు కూడా లోపల అనుమానం వచ్చింది.

ఆమె నిజంగా ఎక్కడికి పోయిందో తర్వాత తెలిసింది. మా ఊళ్లో, పక్క ఊళ్లో ఇల్లిల్లూ అడిగింది. చేటెడు కాదు, గుప్పెడు తవుడు కూడా దొరకలేదు. పెన్న వెంబడి నడుచుకుంటూ పోతే, పామిడి దాపుల ఒక రెడ్డిగారి ఇంట్లో నేలలోని పాతర తెరిచి కొర్రలు పైకి తీస్తున్నారట. దంచడానికి ఆడకూలీలు కావాలి. కూలికి నూకలిస్తారు. ఈమె నూకలొద్దు, తవుడివ్వమంది. అక్కడివాళ్లు నవ్వారు. తవుడు వాళ్ల ఎద్దులకు కావాలి, పాతరంతా ముగిశాక మిగిలితే చూద్దామన్నారు. పాతర ముగిసేదాకా ఆమె దంచింది. తోటి కూలీలు పెట్టిన నూకల గంజి మీద బతికిందట.

జీపు వచ్చిన పొద్దున ఆమె వచ్చింది. డాక్టరు పిల్లలను చూడటం ముగించి బయల్దేరబోతున్నాడు. దొరసానమ్మ బిడ్డకు నీళ్లు పోసి, తన గౌను చింపి కుట్టిన చొక్కా తొడిగి, ఎత్తుకుని జీపు పక్కన నిలబడి ఉంది. తాడు బయట తల్లులంతా ఉన్నారు. వాళ్లు పక్కకు జరిగి దారి ఇచ్చారు. ఈమె తల మీద చేట, చేటలో తవుడు, దాని మీద పైట కొంగు కప్పి ఉంది. ఎప్పుడూ తాడు దాటని మనిషి ఆ రోజు తాడు కింద దూరి లోపలికి వచ్చింది.

బిడ్డ వైపు చూడలేదు. చేటను దొరసానమ్మ కాళ్ల ముందు దించి, రెండు చేతులూ చాచి, అడగవలసిన మాట అడగవలసిన తీరులో అడిగింది.

"అమ్మా, నీకు యాడనో బిడ్డ దొరికినాదంట. తవుడు తెచ్చినా. నాకు అమ్ముతావా?"

దొరసానమ్మ బిడ్డను ఇంకా గట్టిగా పట్టుకుంది. నా వైపు చూసింది. చెప్పాల్సిందంతా నేను ఎప్పుడో చెప్పేశాను. ఆమె చూపు కిందికి, చేట మీదికి, తర్వాత చాచిన చేతుల మీదికి పోయింది. రోకలి పట్టిన అరచేతుల్లో బొబ్బలు పగిలి, వాటి మీద మళ్లీ బొబ్బలు లేచి, చర్మం ఊడి వేలాడుతోంది. దొరసానమ్మ బిడ్డ తలను ముద్దుపెట్టుకుని ఆ చేతుల్లో పెట్టింది. తర్వాత వంగి చేట ఎత్తుకుంది.

అత్త కళ్లు ఒత్తుకుంది. నాకైతే గట్టిగా అరవాలనిపించింది. గెలిచాం అనుకున్నాను.

తల్లి అక్కడే నేల మీద కూర్చుంది. బిడ్డను ఒళ్లో వేసుకుని రొమ్ము ఇచ్చింది. బిడ్డ ఒకసారి పట్టుకుని వదిలేసింది. మళ్లీ ఇచ్చింది. బిడ్డ మొహం తిప్పుకుని ఉగ్గుగిన్నె కోసం చుట్టూ వెతికింది. తల్లి ఆ కొత్త చొక్కా మీద చెయ్యి వేసి, నిండిన బుగ్గలు, మడతలు పడిన తొడలు ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. అప్పుడు నవ్వింది. ఆమె నవ్వగా నేను చూసింది అదొక్కసారే. తర్వాత లేచి నిలబడి బిడ్డను దొరసానమ్మ ముందుకు చాచింది.

"ఇంగ తీసుకో అమ్మా."

దొరసానమ్మ వెనక్కి జరిగింది. "నీ బిడ్డే కదా! నీకిచ్చేశాను కదా!"

"నా బిడ్డే. అందుకే ఇస్తాండా. కొనుక్కోకముందు అది నాది కాదు గదా, నాది కాని బిడ్డను నేనెట్ల ఇచ్చేది?"

మొగుడు, కూలి గుంపు రాయదుర్గం దారిలో తన కోసం ఆగి ఉన్నారని, ఆ సాయంత్రమే కన్నడ సీమలో కాలువ పనికి పోతున్నామని చెప్పింది. ఆ దారి తనకు తెలుసంది. ఆ దారిలో చేను గట్లు కూడా తెలుసంది. దొరసానమ్మ చేట పక్కన పడేసి ఆమె భుజాలు పట్టుకుంది. పోవద్దంది. ఇక్కడే ఉండు, నీకు కూడా పెడతాను, రూలు సంగతి నేను చూసుకుంటాను అంది. తాడు బయట నిలబడినవాళ్లు అదంతా వింటున్నారు.

తల్లి వాళ్ల వైపు చూసి నెమ్మదిగా అడిగింది. "నాకు పెడితే ఆడ నిలబడినోళ్లకంతా పెట్టల్ల గదమ్మా. యాడుండాది నీకాడ?"

దొరసానమ్మ చేతులు జారిపోయాయి. పెంట మీద పారేసిన బిడ్డను ఎత్తుకుని పరిగెత్తిన మనిషి, ఇప్పుడు కళ్లెదుట చేతికిస్తున్న బిడ్డను తీసుకోలేక నిలబడిపోయింది. చివరికి బిడ్డను నేనే తీసుకున్నాను. వెచ్చగా, బరువుగా ఉంది. తల్లి తాడు కింద దూరి బయటికి పోయింది. ఆచారంలో చెప్పినట్టు వెనక్కి తిరిగి చూడలేదు. చేతుల్లో బిడ్డ ఉంటే వెనక్కి చూడకుండా పోవడం ఎవరికైనా చేతనవుతుంది. ఉత్త చేతులతో ఎలా పోయిందో ఆమెకే తెలియాలి.

ఆ బిడ్డ దక్కిందని, శిశువుల ఇంట్లో నడక నేర్చిందని తర్వాతి ఏడాది డాక్టరు చెప్పాడు. తల్లి ఎప్పుడైనా వెతుక్కుంటూ పోయిందా అని అడిగితే తెలియదన్నాడు. అరవైల్లో నేను టీచరునై ఆ పెద్ద ఊరికే పోయాను. అప్పటికి శిశువుల ఇల్లు మూసేశారు. దొరసానమ్మ అంతకుముందే ఓడెక్కి వెళ్లిపోయింది.

జీపు బిడ్డను తీసుకుని వెళ్లిన తర్వాత ఆ పొద్దున ఆమె చాలాసేపు కొట్టం నేల మీదే కూర్చుంది. తవుడు ఒలికి ఆమె గౌను చుట్టూ పడి ఉంది. అత్త వచ్చి ఆ తవుడును చేత్తో ఊడ్చి చేటలోకి ఎత్తింది. మట్టి పోయేదాకా చెరిగింది. పోయి మరుగుతున్న ఎసట్లో పోసింది. పారేయడానికి అది రోజులు బాగున్న కాలం కాదు. ఆ పూట గంజి కొంచెం చిక్కగా వచ్చింది. నేను వరుసలో అందరికీ పోశాను. పిల్లలు ఆవురావురుమని తాగారు. ఒక పిల్ల మాత్రం బుగ్గలు ఉబ్బించుకుని లేచి గోడ వైపు పరిగెత్తింది. నేను దొరసానమ్మ వైపు చూశాను. ఆమె కూడా ఆ పిల్లను చూసింది. మొహం పక్కకు తిప్పుకుంది.